జి షార్ప్ మీద ఆగిన వేలు

మా సంగీతం సారు పోయారు. ఫోన్ చేసింది ఆయన భార్య. శిష్యులమంతా ఆమెను అమ్మా అనే పిలుస్తాం. "బిడ్డా, సారు లేస్తలేడు. జల్దీ రా" అంది. దమ్మపేటలో బస్సెక్కి నేను ములకలపల్లి చేరేసరికి చర్చి వాళ్లు వాకిట్లో టెంట్ వేస్తున్నారు.

సారు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో చాప పరిచి హార్మోనియం నేర్పేవారు. బాయి మానేసి ఎన్నేళ్లయినా, హార్మోనియం ముట్టుకునే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవారు.

దిగులుగా పలికే ఎ మైనర్ వరుసంటే ఆయనకు పిచ్చి. గుడ్ ఫ్రైడే పాటలకూ అదే, పెండ్లి బ్యాండ్ వాళ్లకు నేర్పిన ఊరేగింపు పాటకూ అదే. ఓసారి రామభజన చేసేవాళ్లు విని, "ఇది మా కీరవాణి రాగమే కద సార్" అన్నారు.

"అవ్. మీరు గట్ల పిలుస్తరు, మేం గిట్ల పిలుస్తం. తొవ్వ ఒక్కటే" అని నవ్వారు సారు.

బ్యాండులో క్లారినెట్ ఊదేవాడు మాత్రం ఊరుకోలేదు. "పెండ్లికి ఈ ఏడుపేంది సార్?"

"పుట్టిల్లు ఇడిసే పిల్ల నవ్వుకుంటనే ఏడుస్తదిరా. ఆమెకు ఉత్త సంబురపు మేజర్ ఏం సరిపోతది?"

ఆ వరుసలో చివరి మెట్టు జి షార్ప్, నల్లది. అది నొక్కగానే, దాని పక్కనున్న ఎ కోసం చెవి కొట్టుకుంటుంది. "ఇంటి ముందర చెప్పులిడిసి, తలుపు తీయకుండ నిలబడ్డట్టుంటది" అనేవారు. ఎవరినైనా సమాధి చేసేటప్పుడు పాట చివర అక్కడే ఆగి, హార్మోనియం తిత్తి ఊపుతూనే ఉండేవారు. అయినవాళ్లందరూ గుప్పెడు మట్టి వేశాకే ఎ వాయించేవారు. అది వినపడ్డాకే జనం కదిలేవారు. "తొందరపడి ముగియ్యకు. వాళ్లు ఇడిసినంకనే మనం ఇడువాలె" అని నాకు చెప్పారు.

ఆయన సమాధి దగ్గర వాయించడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఆయన హార్మోనియమే. తప్పు పోతే చిటికె వేసి ఆపే మనిషి ఎదురుగా పెట్టెలో పడుకుని ఉన్నారు. ఒక్కసారి ఆ చిటికె వినపడితే చాలు దేవా అని ఏడ్చాను. వినపడలేదు.

జి షార్ప్ దగ్గర ఆగాను. సారు తమ్ముళ్లు, మేనల్లుళ్లు మట్టి వేశారు. పిల్లలు లేని ఇల్లు. ఇక అమ్మ ఒక్కతే మిగిలింది. గుప్పిట్లో మట్టితో గుంత అంచున నిలబడింది, వెయ్యదు. పాస్టరు గారు మెల్లగా, "వెయ్యండమ్మా" అన్నారు. ఆమె నా వైపు తిరిగింది.

"ముగియ్యకు బిడ్డా. నువ్వు ముగిస్తే నేను ఇంటికి పోవాలె. ఆడ ఎవరున్నరు?"

తిత్తి ఊపే చెయ్యి లాగేస్తోంది. ఎండ నడినెత్తికొచ్చింది. ఎవరూ కదల్లేదు. ఆ ఒక్క స్వరమే మోగుతోంది. బిగించిన ఆమె గుప్పిట్లోంచి, వేళ్ల సందుల గుండా, మట్టి దానంతటదే కొంచెం కొంచెంగా గుంతలోకి జారుతోంది.