ఏడు ఉరుములు, నాలుగు పేజీలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దేవుడి విషయం ఇంకా తేల్చుకోలేదు. చెన్నైలో, షోళింగనల్లూరు ఆఫీసులో, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఎవరు ఏ వింత చెప్పినా "ఏదీ, మళ్లీ జరిగేట్టు చేసి చూపించు" అంటాను. అందుకే నాకు స్నేహితులు తక్కువ.

ఆ తక్కువమందిలో మార్తా ఒకతి. వాళ్ల నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి రాయపురంలో స్థిరపడిన పాస్టరు, రిటైరయ్యారు. అందరిలాగే నేనూ ఆయన్ని అయ్యగారనే పిలిచేవాణ్ణి. బైబిల్ చివర యోహాను చూసిన దర్శనాలు ఉంటాయి కదా, వాటికి వ్యాఖ్యానం రాస్తున్నారు, నలభై ఏళ్లుగా. ఇంతలో చూపు తగ్గుతూ వచ్చింది. పూర్తిగా పోయేలోపు ముగించాలని ఆయన తపన. "నాన్న చెప్తా ఉంటే రాసిపెట్టే మనిషి కావాల, వస్తావా?" అని మార్తా అడిగింది. ప్రతి శనివారం మధ్యాహ్నం వెళ్లేవాణ్ణి.

ఒక చిన్న చిక్కు. మాది చింతాద్రిపేటలో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది తమిళం. అందుకని నేను తెలుగుని తమిళ అక్షరాల్లో రాస్తాను. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. గ అయితే కింద చుక్క పెడతాను. ఈ పద్ధతి నేనే కనిపెట్టాను. ఇంకెవరూ వాడరు, వాడాల్సిన ఖర్మ ఎవరికీ లేదు. అయ్యగారికి కళ్లు ఆనవు కాబట్టి దీనిమీద గొడవ రాలేదు.

గొడవ యోహాను గురించి వచ్చేది. యేసు కథ చెప్పే సువార్త రాసిన యోహానూ, దర్శనాలు చూసిన ఈయనా ఒకరే అని అయ్యగారు. రెండు పుస్తకాల గ్రీకు భాష ఒకలా లేదు, వేరే మనిషని కొందరు పండితులు అంటారని నేను (ముందురోజు ఫోన్లో చదివి). "ఏమయ్యా, ఆయన చెప్పాడు, ఎవరో రాశారు. నా మాట నీ చేతిలో పడ్డాక నాలాగే ఉంటోందా?" అనేవారు. నేను నా చుక్కలు సరిచూసుకునేవాణ్ణి.

చివరికి ఒక్క అధ్యాయం మిగిలింది. అందులో ఏడు ఉరుములు మాట్లాడతాయి. యోహాను రాయబోతే, రాయొద్దని ఆకాశం నుంచి ఒక స్వరం ఆపేస్తుంది. అవి ఏమన్నాయో ఎవరికీ తెలీదు. అయ్యగారు నలభై ఏళ్లుగా ఆగింది అక్కడే.

ఆ శనివారం రెండున్నరకి వెళ్లాను. తలుపు తీసే ఉంది. అయ్యగారు వరండాలో తన కుర్చీలో ఉన్నారు. నేను కూర్చోగానే మొదలుపెట్టారు, ఎక్కడా తడుముకోలేదు. నాలుగు పేజీలు రాశాను. ఒక్కటే తేడా, ప్రతివారం వచ్చే కాఫీ రాలేదు. కాస్త నొచ్చుకున్నాను కూడా.

మరుసటి శనివారం, పోయినవారం చెప్పింది చదవనా అన్నాను.

"పోయినవారం నేనేం చెప్పానయ్యా?"

మార్తా లోపలినుంచి వచ్చింది. "పోయిన శనివారం మేము ఈడ లేమే! పొద్దున్నే నాన్నని కంటాసుపత్రికి తీసుకుపోతిమి, వచ్చేసరికి ఏడు. ఇల్లు తాళం. నీకు మెసేజ్ పెట్టినా కదా?"

ఫోన్ చూశాను. పెట్టింది. దాని కింద నేను పంపిన "సరే" కూడా ఉంది.

నోట్‌బుక్ తెరిచాను. నాలుగు పేజీలూ ఉన్నాయి. నా చేతిరాత, గ కింద చుక్కలతో సహా.

మూడు వాక్యాలు చదివేసరికి అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. "ఆ ఉరుముల మాటలు యోహానుకే రాయొద్దన్నారు. నీకు చెప్పలేదా?"

"నాకెవరూ ఏమీ చెప్పలేదండీ. కాఫీ కూడా ఇవ్వలేదు."

నా జోకుకి ఆయన నవ్వకపోవడం అదే మొదటిసారి.

మిగతాది చదవనివ్వలేదు. కొత్త పేజీ తియ్యమని ఆ అధ్యాయానికి ఒకే వాక్యం చెప్పారు: ఇక్కడ యోహాను కలం ఆపాడు, నేనూ ఆపుతున్నాను. పుస్తకం అలా ముగిసింది. నెల తిరక్కముందే చూపు పోయింది.

ఆ తర్వాత మూడు శనివారాలు అదే వేళకి వెళ్లి అదే చోట కూర్చున్నాను. ఏమీ జరగలేదు. కాఫీ వచ్చింది.

మళ్లీ జరగని తప్పుని మా ఆఫీసులో మూసేస్తాం, ఇక దాని జోలికి పోం. ఈ నోట్‌బుక్ మూసి బీరువాలో పెట్టాను గానీ, విషయం మూతపడలేదు. అందులో ఏముందో ఇక్కడ రాయను. ఆ నాలుగు పేజీలు ఎవరు రాశారని మార్తా ఇప్పటికీ అడుగుతుంది. చేతిరాత నాదే అంటాను. అంతకుమించి, యోహాను ఒకరా ఇద్దరా అన్నదాని గురించి కూడా, నేనిప్పుడు ఏమీ అనడం లేదు.