ఆధారాల పట్టికలో ఈదమ్మ

తెలంగాణ వచ్చిన మూడో ఏడు జూన్‌లో నన్ను మహబూబ్‌నగర్‌లోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పరిశోధన విభాగానికి మార్చారు. హోదా సహాయ గ్రంథాలయాధికారి. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు దాని చివరి ఆధారాల పట్టికను సరిచూసి ధ్రువపత్రం ఇవ్వడం నా పని. రచయిత పేరు, సంవత్సరం, ప్రచురణకర్త వరుసలో ఉన్నాయా అని చూసి సంతకం పెడితే సరిపోయేది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు, నేను మాత్రం పట్టికలోంచి పది పుస్తకాలు ఏరి, అల్మారాలోంచి తెచ్చి, చెప్పిన పుట తిప్పి చూసేదాన్ని. విద్యార్థులు నా గదికి 'చెక్‌పోస్ట్' అని పేరు పెట్టారు. నాకది నచ్చింది.

ఆ శీతాకాలం భువనగిరి వైపు నుంచి వచ్చిన నర్సింలు అనే పరిశోధకుడు తన గ్రంథం తెచ్చాడు. అమ్రాబాద్ అడవిలో చెంచులు తినే గడ్డల మీద అయిదేళ్ల పని. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. అది దాటితే నమోదు రద్దవుతుంది, పనంతా బూడిదలో పోసిన పన్నీరే.

గడ్డ తవ్వే పద్ధతికి అతను ఒక పాత పుస్తకాన్ని ఆధారంగా చూపాడు. ఆ పుట తీస్తే అడవి పటం తప్ప ఒక్క వాక్యం లేదు. గట్టిగా అడిగితే నిజం చెప్పాడు. ఆ సంగతులన్నీ పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఒక ముసలామె చెప్పినవట.

"గా అవ్వ పేరు పెడితే ఎవరు నమ్ముతరు మేడం? పుస్తకం పేరుంటే ఎవరూ అడగరు."

"నువ్వు నమ్మినవా?"

"నమ్మిన."

"అయితే ఆమె పేరే రాయి."

ఆమె ఇంట్లో ఎన్నోసార్లు తిన్నాడు గానీ పూర్తి పేరు ఎన్నడూ అడగలేదట. నాకు ఒళ్లు మండింది. అతని పర్యవేక్షకుడు ఫోన్ చేసి, "జర చూసీచూడనట్టు పోవాలెనమ్మా," అన్నారు. చూడ్డానికే నాకు జీతమిస్తున్నారని చెప్పాను.

నర్సింలు అప్పటికప్పుడే అమ్రాబాద్ బస్సెక్కాడు. మూడో రోజు పొద్దున పేరు, సంభాషణ తేదీలు, ఆమె వేలిముద్రతో అనుమతి తెచ్చాడు. అధ్యాయం చదివి వినిపిస్తే ఆమె మధ్యలో ఆపిందట. "తీగ పచ్చగున్నప్పుడు తవ్వరు బిడ్డా, ఎండినంక తవ్వుతరు. గిట్లెందుకు రాసినవ్?" అందట. అతను రాసింది నిజంగానే తలకిందులు; అక్కడే కూర్చుని దిద్దుకున్నాడు.

మా నియమావళిలో నోటిమాటకు నమూనా లేదు. నేనే ఒకటి తయారుచేశాను: ఇంటిపేరు, పేరు, గూడెం, మాట్లాడిన తేదీ, రికార్డు ఎక్కడ దాచారో ఆ వివరం. విడిగా అనుబంధంలో కాకుండా ఆచార్యుల పేర్ల మధ్యనే, అకారాది క్రమంలో చిగుర్ల ఈదమ్మను చేర్చాక సంతకం పెట్టాను.

మౌఖిక పరీక్షకు బయటి నుంచి వచ్చిన ఆచార్యుడు మొదట పట్టికే తెరిచి, ఆ పేరు మీద వేలుంచి, ఈమె ఎవరని అడిగారు. నర్సింలు తడబడకుండా అంతా చెప్పాడు, తన తప్పును ఆమె దిద్దిన సంగతితో సహా. పట్టా వచ్చింది. వెనక వరుసలో కూర్చున్న నాకు ఆ రోజు కలిగిన గర్వం పదోన్నతి నాడు కూడా కలగలేదు.

చదివినవాడు చెప్పినవారి దాకా వెళ్లగలిగితేనే అది ఆధారం. అచ్చయిందా లేదా అన్నది తర్వాతి మాట. పదవీ విరమణ నాడు నా తర్వాతి అధికారికి అప్పగించిన నమూనా కాగితంలో మొదటి ఉదాహరణ ఈదమ్మదే.