మా ఆయన ఎడమ కంటి రెప్ప

సహోదరీ సహోదరులారా, నేను మహా భయస్తురాలిని. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కష్టంలో విశ్వాసంతో కొండలా నిలబడ్డానని సాక్ష్యం చెబితే వెనక వరసలో కూర్చున్న మా ఆయనే ముందు నవ్వుతారు!

కువైట్ యుద్ధం ముగిసిన మూడో ఏడు అది. మేము ఈ గల్ఫ్ ఊళ్ళోనే, ఫరీజ్ బిన్ మహమూద్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, ఆయన ఒక కంపెనీలో ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. చలికాలంలో ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది గాని, ఆ తర్వాత మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఆయాసం, కాళ్ళు వాచిపోయి బూట్లు పట్టేవి కావు. నేనేమో పాలకొల్లు నుంచి తెచ్చుకున్న శొంఠితో కషాయాలు కాచి పోస్తూ కూర్చున్నాను, నా తెలివి అంత! చివరికి ఆసుపత్రికి తీసుకెళితే, గుండె సాగి పెద్దదైపోయిందనీ, రక్తాన్ని నెట్టే బలం తగ్గిపోయిందనీ అన్నారు. మూడో రోజు నుంచి ఆ గుండె ఉన్నట్టుండి పరుగందుకునేది, మిషను మోగేది, నర్సులు నన్ను బయటికి పంపి ఆయన ఛాతీకి కరెంటు షాకు పెట్టేవారు. ఒక్క గురువారం నాడే నాలుగుసార్లు! తలుపు బయట నిలబడి చెవులు మూసుకునేదాన్ని, మూసుకుంటే లోపల ఏమవుతోందో తెలియక మళ్ళీ తెరిచేదాన్ని.

ఇక్కడి సెలవు రోజు శుక్రవారం ఉదయం, మీరంతా ఇదే హాలులో ఆరాధనలో ఉన్న వేళ, డాక్టర్ గారు నన్ను పిలిచారు. ఆయన ఇంగ్లీషు నాకు అందదు, ఉర్దూ అసలే రాదు. ఆ వార్డు ఊడ్చే మల్లయ్య అన్న, ఆర్మూరు వైపు పెద్దమనిషి, పక్కన నిలబడి డాక్టర్ గారి ఉర్దూను తెలుగులో విడమరిచి చెప్పాడు.

"గుండె అలసిపోయింది చెల్లె. ఆగుదామంటె ఎనుకకెళ్ళి ఒక నరం ఉరుకు ఉరుకు అని పొడుస్తున్నదట. మెడల సూది ఏసి ఆ నరాన్ని కొద్దిసేపు నిద్రపుచ్చుతరట. గుండెకు జర ఆరాం దొరుకుతది. పక్కా నయమైతదని మాత్రం మాట ఇయ్యనంటున్నడు."

మెడలో సూది! వద్దంటే షాకులు, సరేనంటే మెడలో సూది. సంతకం పెట్టాను, పెట్టిన మరుక్షణం ఎందుకు పెట్టానా అని ఏడ్చాను.

సూది వేశాక నన్ను లోపలికి రానిచ్చారు. మంచం పక్కన నిలబడి కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థించాను: "తండ్రీ, నా విశ్వాసం చాలడం లేదు, కోప్పడితే నన్ను కోప్పడు, ఆయన్ని మాత్రం తీసుకెళ్ళకు. నీ చెయ్యి ఈయన మీద ఉందని ఒక్క గుర్తు చూపించు, నా కళ్ళకు కనబడే గుర్తు, చిన్నదైనా చాలు. ఆమేన్."

ఆమేన్ అని కళ్ళు తెరిచాను. ఆయన కుడి కన్ను నన్నే చూస్తోంది, ఎడమ కన్ను సగం మూసుకుపోయింది! రెప్ప వాలిపోయింది, కన్ను ఎర్రబడింది, "ఏమిటే?" అన్న మాట కూడా బొంగురుగా వచ్చింది. అయ్యో, పక్షవాతం! నేను పెట్టిన కేకకు వార్డంతా ఉలిక్కిపడింది. డాక్టర్ని తిట్టాను, సంతకం పెట్టిన నా చేతిని తిట్టుకున్నాను, చివరికి దేవుణ్ణి కూడా, గుర్తు అడిగితే ఇదా నువ్విచ్చేది అని అనకూడని మాట అనేశాను.

డాక్టర్ గారు పరుగున వచ్చి, ఆ రెప్ప ఎత్తి చూసి, మా ఆయన ఎడమ అరచెయ్యి పట్టుకుని చూసి, నవ్వారు! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఊకో చెల్లె, ఊకో," అన్నాడు మల్లయ్య అన్న. "పక్షవాతం కాదట. మందు సక్కగ ఆ నరానికే అందినట్టు గుర్తట. రెప్ప వాలకుంటెనే ఫికర్ చెయ్యాలె అంటున్నడు. పొద్దుగూకేసరికి లేస్తదట."

గుర్తట! సహోదరులారా, నేను ప్రార్థనలో అడిగిన మాటే అది. మా ఆయన ఎడమ చెయ్యి ముట్టుకుంటే, వారం రోజులుగా చల్లగా ఉన్న చెయ్యి వెచ్చగా తగిలింది. మిషను వైపు చూశాను. గీత నెమ్మదిగా, ఒద్దికగా నడుస్తోంది. నేను అడిగిందే దేవుడు ఇచ్చాడు, ఇచ్చింది చూసి నేను కేకలు పెట్టాను.

సాయంత్రానికి రెప్ప లేచింది, దాంతోపాటే నా భయమూ లేచింది. మర్నాడు గుండె మళ్ళీ పరుగెత్తితే మళ్ళీ సూది వేశారు. ఈసారి కళ్ళు మూసి ప్రార్థిస్తే ఒట్టు! ఆ ఎడమ రెప్పనే చూస్తూ, "వాల్చు ప్రభువా, వాల్చు తండ్రీ" అని వేడుకున్నాను. వాలింది. ఏడుస్తూ నవ్వాను.

అలా గుండెకు దొరికిన విశ్రాంతిలో మాత్రలు పనిచేయడం మొదలుపెట్టాయి, పరుగులు ఆగాయి, మూడు వారాలకు ఆయన తన కాళ్ళమీద నడిచి ఇంటికొచ్చారు. గుండె పూర్తిగా బాగైపోయిందని అబద్ధం చెప్పను. మాత్రలు రోజూ వేసుకోవాలి, మెట్ల మధ్యలో ఒకసారి ఆగాలి. ఆ డాక్టర్ గారికీ, మల్లయ్య అన్నకూ రుణపడి ఉన్నాను, వాళ్ళను ఆ వేళకు అక్కడ నిలబెట్టిన దేవునికే మహిమ!

మీ ఇంట్లోనూ ఎవరైనా మంచాన ఉంటే, అడిగిన జవాబు భయపెట్టే రూపంలో వస్తే, నాలాగా కేకలు పెట్టినా దేవుడు మిమ్మల్ని తోసెయ్యడు. నన్నే తోసెయ్యలేదు! ఆయన చెయ్యి మాత్రం వదలకండి. రండి, ప్రార్థన చేద్దాం, అందరూ కళ్ళు మూసుకోండి. నేను ఒక్క క్షణం ఆలస్యంగా మూసుకుంటాను, వెనక వరసలో ఆ రెండు రెప్పలూ సమానంగా వాలాయో లేదో చూసుకుని.