ఖరాబైన ప్లేటు

మొగుడంపల్లి దారిలో ఊరు దాటాక వచ్చే ఆ రేకుల షెడ్లను జహీరాబాద్‌లో అందరూ గడ్డి కంపెనీ అంటారు. పశువులు మేసే గడ్డి కాదు అది. ఎక్కడో దక్షిణాన తమిళ దేశపు సముద్రం ఒడ్డు నుంచి లారీల్లో వచ్చే నాచు. ఎండి, నల్లబడి, పాత సవరంలా చిక్కులు పడి ఉంటుంది. బస్వమ్మ అందులో పనికి చేరిన కొత్తలో ఆమె భర్త వీరప్ప నవ్వులాటకు అడిగాడు.

"సముద్రంల గూడ గడ్డి మొలుస్తదా? ఏ బర్రె మేస్తదే దాన్ని?"

"బర్రె కాదు, మనుషులే తింటరంట. తాజ్ ఆపా రంజాన్‌కు చేస్తది సూడు చైనా గ్రాసు, గదే ఇది."

వీరప్ప నవ్వు అక్కడే ఆగిపోయింది. పక్కింటి తాజ్ బేగం పాలు పోసి, గులాబీ రంగు వేసి, ముక్కలు కోసి పంపే ఆ చైనా గ్రాసంటే వాళ్ల కూతురు మహేశ్వరికి ప్రాణం. గిన్నె ఇంట్లోకి రాకముందే గోడ మీది నుంచి అందుకుని సగం ఖాళీ చేసేది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ. పదకొండో ఏట, పోయిన వానకాలంలో, జ్వరంతో పోయింది.

ఆ తర్వాత బస్వమ్మకు ఇంట్లో ఉండటం కష్టమైంది. ముఖ్యంగా సాయంత్రం నాలుగు గంటలకు. బడి విడిచిన పిల్లలు ఆ సందులోంచే పోవాలి. కొన్ని నెలలు ఆ వేళకు తలుపు వేసుకుని, కొంగు చెవులకు అడ్డం పెట్టుకుని కూర్చునేది. అది చూడలేక తాజ్ బేగమే ఒకరోజు చెయ్యి పట్టి లేపింది.

"నడువు నాతోని. పొద్దుందాక నీళ్లల్ల చేతులు వెడితే, ఇంటికొచ్చినాక ఫికర్ చేసే తాకత్ గూడ ఉండదు."

తాజ్ బేగం అన్న మాట నిజమే అయింది. తొమ్మిది నెలలుగా బస్వమ్మ అలసిపోవడం కోసమే పనికి పోతున్నట్టు పోతోంది.

కంపెనీ యజమాని ఆలుగడ్డలు నిలువ చేసే పాత కోల్డ్ స్టోరేజీని కొని, కొత్త మిషన్లు బిగించి ఇంకా చల్లబరిచాడు. ముందు ఆడవాళ్లు కూర్చుని నాచులోంచి ఇసుక, గవ్వలు, తెగిన వలదారాలు ఏరతారు. కడిగి, మందు నీళ్లలో నానబెట్టి, మళ్లీ కడిగి, పెద్ద బాయిలర్లలో ఉడకబెడతారు. ఆ వేడి కషాయాన్ని గుడ్డ సంచుల్లో వడకట్టి ట్రేలలో పోస్తే దానంతట అదే గడ్డ కడుతుంది, ఎండాకాలంలో కూడా. దాన్ని పట్టీలుగా కోసి చలిగదిలో రెండు రోజులు రాయిలా గడ్డకట్టిస్తారు. ఆ తర్వాతది బస్వమ్మ పని. ఆ మంచు పట్టీలను బయట షెడ్డులో పరిచి కరగబెట్టాలి. కరుగుతుంటే పసుపు నీళ్లు కారిపోతాయి. ఉప్పు, రంగు, మురికి అన్నీ ఆ నీళ్లతో పోతాయి. చివరికి మిగిలేది తెల్లగా, తేలికగా, జల్లెడ జల్లెడగా ఉంటుంది. దాన్ని నీళ్లు మార్చి మార్చి కడిగి, పిండి, ఎండబెట్టి, పొడి కొట్టడానికి పంపాలి. మిఠాయిల సరుకైతే ఒక్కసారి కరగబెడితే సరిపోతుంది. ల్యాబు సరుకైతే రెండుసార్లు గడ్డకట్టించి రెండుసార్లు కరగబెట్టాలి. ల్యాబు వాళ్లకు అంత శుభ్రం ఎందుకో బస్వమ్మ ఎన్నడూ అడగలేదు. మంచు పట్టీలు పట్టుకుని పట్టుకుని వేళ్లు మొద్దుబారేవి. అన్నం కలుపుకుంటే వేడి తెలిసేది కాదు.

ఆమె మాట్లాడేదే తక్కువ. ఒక్క సంగతి మాత్రం, ఎవరైనా బిడ్డ గురించి అడిగితే, ప్రతిసారీ ఒకే తీరుగా చెప్పేది.

"సోమారం నాడు రక్తం తీసుకపోయిన్రు. అండ్ల ఏం పురుగుందో మొలిపిచ్చి సూస్తమన్నరు. బుధారం పగటీలి ఒకడొచ్చి, ప్లేటు ఖరాబైందమ్మా, మళ్ల రక్తం తియ్యాలె అన్నడు. పిల్ల చెయ్యంత సూదులతోని నీలంగైంది. ప్లేటు పలిగితే బజార్ల కొత్త ప్లేటు కొనుక్కోండ్రి, లేకుంటె నేను కొనిస్త, నా బిడ్డ రక్తమేం జేసింది మీకు, అని ఎల్లగొట్టిన. తెల్లారి పిల్ల పాయె. ప్లేటు పలగ్గొట్టుకోని రక్తం అడిగేటోళ్లు, గసోంటి దవాఖాన అది."

విన్న ఆడవాళ్లు "అయ్యో, ఎంత దుర్మార్గులే" అనేవారు. తాజ్ బేగం మాత్రం ఆ మాట మొదలుకాగానే లేచి ఏదో పని మీద అవతలికి పోయేది. ఆమెకు వినడం కష్టంగా ఉంటుందేమో అనుకునేది బస్వమ్మ.

శ్రావణం ముగిసే రోజుల్లో తాజ్ బేగం మనవరాలికి పేరు పెడుతున్నారని కోహీర్ పోయింది. రోజూ ల్యాబు సరుకులోంచి పిడికెడు తీసుకుని పరీక్షకు గ్లోరీ మేడం గదిలో ఇచ్చి వచ్చేది ఆమే. ఆ రోజు సూపర్‌వైజర్ మాణిక్ చుట్టూ చూసి బస్వమ్మను పిలిచాడు.

"ఓ బస్వమ్మా, జర గిది మేడంకిచ్చిరా. ఆడనే కూసోకు మళ్ల, ఏసీ మంచిగుంటది."

గ్లోరీ ఆ కంపెనీలో కెమిస్టు. రాయికోడ్ పిల్ల, పెద్ద చదువు చదివి వచ్చింది, పాతికేళ్లుంటాయి. నిన్నటి సరుకు పొడిని మరిగే నీళ్లలో కలిపి, మూతగల చిన్న గాజు పళ్లెంలో పోసింది. చూస్తుండగానే అది గడ్డ కట్టింది. ఆ పళ్లెం కింద పాత పేపరు ముక్క పెట్టింది.

"అక్కా, నా కండ్లు పొద్దటిసంది సూసి సూసి అలిసిపోయినయి. నువ్వు సూడు. అచ్చరాలు సాఫ్‌గ కనవడ్తున్నయా?"

బస్వమ్మ మూడో తరగతి దాకా చదివింది. వంగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది.

"అ... ల్లం... ధ... ర. అల్లం ధర."

"శాబాష్. పెరిగిందా, తగ్గిందా?"

"గది ప్లేటు అవతలుంది మేడం, కనవడ్తలేదు."

అలా అన్నాక ప్లేటు అన్న మాట ఆమె చెవుల్లో మిగిలిపోయింది. పళ్లేన్ని ప్లేటు అనడం మామూలే. కానీ గ్లోరీ కూడా వెంటనే ఆ మాటే అంది, "ఈ ప్లేటు మంచిగొచ్చిందక్కా. దవాఖానల్లకు పోయే సరుకు గిట్లనే అద్దం లెక్కుండాలె."

"దవాఖానల్ల గిదేం జేస్తరు?"

"జ్వరమొచ్చినోళ్ల రక్తం దీని మీద రాస్తరు. రక్తంల పురుగుంటె దీంట్ల కలిపిన తిండి తిని పెరుగుతది, చుక్కలు చుక్కలు మొలుస్తది. అప్పుడు ఏ మందుకు చస్తదో ఎరికైతది."

బస్వమ్మ పళ్లెం మీదికి వంగింది. "ప్లేటు ఖరాబైందంటె?"

"బయటి పురుగేదన్న పడి మొలిస్తె ఖరాబైందంటం. అసలు పురుగేదో, బయటిదేదో తెలవది గద. మళ్ల రక్తం దీసి కొత్తగ పెట్టాలె."

బస్వమ్మ షెడ్డుకు ఎలా తిరిగి వచ్చిందో ఆమెకే తెలియదు. పద్నాలుగు నెలలు ఆమె నిలబడింది ఆ కోపం మీదే. కంచం పగలగొట్టుకున్నవాళ్ల మీద కోపం. ఇప్పుడు కంచమే లేదు. పగిలిందే లేదు. వచ్చినవాడు బిడ్డను బతికించే దారి వెతకడానికి వచ్చాడు, తను వెళ్లగొట్టింది. అంటే బిడ్డను ఎవరు పోగొట్టుకున్నట్టు?

నాలుగు రోజులు ఆ ప్రశ్నతోనే నీళ్లలో చేతులు పెట్టింది. కడిగిన సరుకునే మళ్లీ కడిగేది. మాణిక్ చూసి చూసి విసుక్కున్నాడు.

"ఏందమ్మా, పెండ్లి బియ్యం కడిగినట్టు కడుగుతున్నవ్? ఇంక జరసేపైతె అది గూడ నీళ్లల్లనే కలిసిపోతది."

ఆమె వినిపించుకోలేదు. ఇంకో నీళ్లు పోసింది.

ఐదో రోజు పొద్దున రేకుపెట్టె తీసింది. మహేశ్వరి బడి బట్టల అడుగున దవాఖాన వాళ్లిచ్చిన కాగితాలున్నాయి. అన్నీ ఇంగ్లీషు. వాటిలో రక్తం కాగితం ఒకటి ఉందని తెలుసు, ఇంతవరకు ఎవరికీ చూపించలేదు. అల్లం మండీకి పోవడానికి రుమాలు చుట్టుకుంటున్న వీరప్ప గడపలోనే ఆగిపోయాడు.

"ఇప్పుడెందుకే గా కాయితాలు?"

"చదివిపిస్త."

"చదివిపిచ్చినాక ఏం జేస్తవ్?"

"ఏమో."

అతను రుమాలు విప్పి, మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు.

అన్నం వేళకు బస్వమ్మ గ్లోరీ గదికి వెళ్లింది. గ్లోరీ డబ్బా మూత తీయబోతూ ఆగి, కాగితాలు అందుకుంది. పేరు, వయసు చదివి తల ఎత్తింది.

"నీ బిడ్డనా అక్కా?"

"ఆఁ."

గ్లోరీ అన్నం డబ్బా పక్కకు జరిపింది. ఒక కాగితం దగ్గర ఆగిపోయింది. "బయటి పురుగు మొలిచింది, మళ్ల రక్తం పంపుండ్రి అని రాసిన్రు."

"పంపనియ్యలే నేను. ఎల్లగొట్టిన. ప్లేటంటె తినే ప్లేటనుకున్న." బస్వమ్మ నేలను చూస్తూ చెప్పింది. "నేను ఇచ్చుంటె బతుకుతుండెనా? గదొక్కటి చెప్పు మేడం. ఉన్నదున్నట్టు చెప్పు."

"రెండోసారి ఎన్నడడిగిన్రు?"

"బుధారం పగటీలి."

"పాప ఎప్పుడు..."

"తెల్లారి. బేస్తారం, పన్నెండు గొట్టినాక."

గ్లోరీ వేళ్లు ముడిచింది. బుధవారం, గురువారం, శుక్రవారం. ఇంకోసారి ముడిచి చూసుకుంది.

"అక్కా, ఇగ సూడు. రక్తం పెట్టినాక పురుగు మొల్వాలంటె దాని టైము దానికి గావాలె. మనం తొందర వెడితె తొందరగ మొల్వది. నువ్వు బుధారం ఇచ్చినా, ఎంత జల్దీ అన్నా సుక్కురారం దాక ఏం తెల్వకపోతుండె."

"సుక్కురారమా?"

"సుక్కురారమే. పాప బేస్తారమే పాయె. నువ్వు ఇచ్చినా గంతే, ఇయ్యకున్నా గంతే."

బస్వమ్మ కాగితం మీద వేలు పెట్టి అడిగింది.

"మరి మొదటి ప్లేటు ఖరాబు గాకుంటె?"

గ్లోరీ కాగితం మడతలు సరిచేసింది. "అది నాకు తెల్వదక్కా. తెలుసని చెప్తె అబద్ధమైతది. సోమారంసంది వాళ్లు అందాజు మీద మందులిస్తనే ఉన్నరు, ఇండ్ల రాసుంది. అయినా జ్వరం తగ్గలే. గంతవరకే ఉంది దీంట్ల."

"మంచిది బిడ్డా." మేడం అనే పిలుపు ఆమెకు ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

షెడ్డులో తాజ్ బేగం రెండు టిఫిన్లూ ముందు పెట్టుకుని, ముట్టకుండా కూర్చుని ఉంది.

"ఏడ వోయినవే? అన్నం సల్లారిపాయె."

"మేడం కాడికి." బస్వమ్మ పక్కన కూలబడింది. "ప్లేటంటె తినే ప్లేటు కాదంట ఆపా."

తాజ్ బేగం తల దించుకుని టిఫిన్ మూత తిప్పసాగింది. అది చూసి బస్వమ్మ మెల్లగా ఆమె వైపు తిరిగింది.

"నీకెరికేనా?"

"ఈడ మూడేండ్లసంది చేస్తున్న. ఎరకలేకుంటదా?" తాజ్ బేగం కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎట్ల చెప్పాలె? నువ్వు గా గుస్సా వట్టుకోని లేచి నడుస్తున్నవ్. అది గూడ గుంజుకుంటె వడిపోతవని భయమాయె. మేడం రూముకు నిన్ను పంపకుంట రోజు నేనే వోయిన. కోహీర్ వోయిన దినమే గిట్లయింది. అల్లా కసం, పోకుంటె బాగుండు."

"నీ మనవరాలి పేరు పెట్టుడుకు నువ్వు వోకుంటె ఎట్ల?"

"అయినా..."

"తిను. సల్లారింది."

ఇద్దరూ చల్లారిన అన్నం తిన్నారు. బస్వమ్మ తన మామిడికాయ తొక్కు తీసి ఆమె మూతలో వేసింది. మాణిక్ దూరం నుంచి, "ఏందమ్మా, పంగత్ అయిందా లేదా?" అని కేకేశాడు. తాజ్ బేగం, "ఆగయ్యా, నీ గడ్డేమన్న లేచి ఉరుకుతదా?" అని అంతే గట్టిగా బదులిచ్చింది. బస్వమ్మ లేచి, ఆ మధ్యాహ్నం వచ్చిన పట్టీలను వరసగా పరిచింది. ల్యాబు సరుకు. పసుపు నీళ్లు కారడం మొదలైంది. నీళ్లు తేటబడేదాకా కడిగి, ఒకసారి దోసిట్లో పట్టి చూసింది. తేటగానే ఉన్నాయి. ఆ రోజు అదనంగా ఇంకో నీళ్లు పోయలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వీరప్ప గడపలో కూర్చుని ఉన్నాడు. మండీ నుంచి తొందరగా వచ్చేశాడని అతని చొక్కాకున్న ఎర్రమట్టే చెప్పింది. కాళ్లు కూడా కడుక్కోలేదు.

"ఏమన్నది?"

"నేను రక్తమిచ్చినా సుక్కురారం దాక ఏం తెల్వకపోతుండెనంట."

వీరప్ప ఆ మాటను నోట్లో పెట్టుకుని నమిలినట్టు రెండుసార్లు అనుకున్నాడు. సుక్కురారం. సుక్కురారం. తర్వాత మట్టి అంటిన తన పాదాలను చూస్తూ అన్నాడు.

"ఆ దినం నువ్వు కసురుకుంటె ఆ పోరడు వోయిండు సూడు. నేను లేచిన. వాన్ని మళ్ల పిలుస్తమని తలుపు దాక వోయిన. నీకెరుకలే. నువ్వు పిల్ల దిక్కు తిరిగున్నవ్. మళ్లెందుకో వచ్చి కూసున్న. గా రోజుసంది..."

అతను పాదం మీది మట్టిని గోటితో గీకసాగాడు.

బస్వమ్మ అతని పక్కన గడప మీదే కూర్చుంది. సందు ఖాళీగా ఉంది. బడి పిల్లలు ఎప్పుడో పోయారు.

"నువ్వు పిలిచినా సుక్కురారమేనయ్యా" అంది.

వీరప్ప లేచి లోపలికి పోయాడు. పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడైంది. గోరువెచ్చని నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. బస్వమ్మ మొద్దుబారిన చేతులు అందులో పెట్టింది. వేడి తెలియడానికి కొంతసేపు పట్టింది.