మూటలో వెళ్లిపోయిన గొంతు

ఆఫీసులో ఆమెను అందరూ మూటలక్క అంటారు. మందుల షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను, షాపువాళ్లు తమ కంప్యూటర్లో ఎక్కించుకునేలా ఒకే ఫైలుగా మూటగట్టడం ఆమె పని. అందులో సగం సరుకు ఎవరికీ అక్కర్లేదు. మూలపడ్డ ప్రింటర్ల ఫైళ్లు, ఎప్పుడో మారిపోయిన లోగోలు. తీసేద్దామంటే మేనేజర్ ఒప్పుకోడు.

"ఏది పీకితే ఏది కూలుతుందో ఎవరికి తెలుసమ్మా? ఫోల్డర్ మొత్తం లాగెయ్."

లాగేసి లాగేసి, లోపల ఏముందో చూడడమే మానేసింది మూటలక్క.

ఆమెకు మిమిక్రీ సరదా. ఒకరోజు భోజనాల వేళ, అత్తగారు మెట్లెక్కుతూ ఆయాసపడడాన్ని అనుకరించి, చెల్లెలికి పంపాలని రికార్డు చేసింది. "అబ్బా... అమ్మా... ఆ మోకాళ్ల మందు ఇటివ్వు నాయనా..." పక్కసీట్లవాళ్లు పడీపడీ నవ్వారు. తొందరలో ఆ రికార్డు పని ఫోల్డర్లో పడింది. కొత్త మూటతోపాటు షాపులన్నిటికీ చేరింది.

మూటలక్క వాళ్ల వీధి చివరి మందుల షాపతను కంప్యూటర్లో ఏదో వెతుకుతూ దాన్ని నొక్కాడు. తన దగ్గర మందులు కొనే ఆమె అత్తగారి గొంతని ఇట్టే గుర్తుపట్టాడు. చివరిదాకా వినకుండానే, అత్తగారు మందుకోసం రాగానే సంబరంగా వినిపించాడు.

"పెద్దమ్మగారూ, మా కంప్యూటర్లోకి మీరెలా దూరారండీ?"

రికార్డు చివర కోడలి నవ్వు. "ఏమే చెల్లీ, అచ్చం మా అత్తయ్యలా చేశానా?"

 ఆరోజు నుంచి అత్తగారు పెదాలు బిగబట్టి మెట్లెక్కేవారు. మధ్యలో ఆగి, కిటికీలోంచి వీధిని చూస్తున్నట్టు నటించేవారు.

షాపతనే ఆఫీసుకు ఫోన్ చేశాడు. "సారీ మేడమ్, చివర్లో మీ మాటలున్నాయని చూసుకోలేదు. పెద్దమ్మగారికి వినిపించేశాను."

మూటలక్కకు తల కొట్టేసినట్టయింది. షాపు షాపుకూ తనే వెళ్లి ఆ ఫైలు చెరిపింది. ఒకచోట కౌంటర్లో అమ్మాయి, "అది మీరేనా? మళ్లీ ఒకసారి చెయ్యరూ!" అని బతిమాలితే, మొహం చెల్లక బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంటి మెట్ల మధ్యలో అత్తగారు ఎదురయ్యారు.

"అత్తయ్యా..."

"అంత అసహ్యంగా మూలుగుతానా అమ్మాయ్?"

"అయ్యో, లేదత్తయ్యా. నా బుద్ధే గడ్డి తింది."

"నా గొంతు నేనెప్పుడూ విన్లేదు. అలా ఉంటుందని తెలీదు."

మూటలక్క చెయ్యి అందించింది. అత్తగారు గోడనే పట్టుకున్నారు. కోడలు ఆమె వెనకే, ఒక్కో మెట్టూ చప్పుడు చేయకుండా ఎక్కింది.