సెప్పినోడే సూసుకుంటాడు

ఆదోనిలో ఒక పత్తి మిల్లులో మోటారు చూసే రంగప్పకు ఎవరైనా గట్టిగా ఒక మాట చెబితే చాలు, చేసేసేవాడు. ఒకసారి శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి వెళ్తే, ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన "ఈ లైన్లో నిలబడప్పా" అన్నాడు. నిలబడ్డాడు. అది తలనీలాలు ఇచ్చేవాళ్ళ లైను. మంగలి తల తడిపినా రంగప్ప నోరు మెదపలేదు. మొక్కు లేని గుండుతో బయటికొచ్చి చూస్తే, ఆ ఖాకీ చొక్కా ఆయన ఎమ్మిగనూరు ఆటో ఎక్కండని జనాన్ని పిలుస్తున్నాడు. రంగప్ప ఆ ఆటో కూడా ఎక్కి, ఎమ్మిగనూరులో దిగి, అక్కడినుంచి బస్సులో ఆదోని చేరాడని చెప్పుకుంటారు. గుండుకు సాక్షులున్నారు, ఆటోకు లేరు.

భార్య హనుమంతమ్మ ఆ గుండును చూసి నవ్వలేదు, తిట్టలేదు. "రేపు ఇంగొకడు బాయిలో దూకమంటే ఏం సేస్తావు?" అని మాత్రం అడిగింది.

"లోతెంతుందో ఆయప్పనే సూసుకుంటాడులే" అన్నాడు రంగప్ప.

తమాషాకు అన్న మాట కాదది. వాళ్ళ నాయన నేర్పిన బతుకు. పెద్దోళ్ళు చెప్పింది చేస్తే తప్పొప్పులు చెప్పినవాడి నెత్తికే పోతాయి, మనం ఇంత తిని పడుకోవచ్చు. రంగప్పకు తల వాల్చగానే నిద్ర పట్టేది. ఆ నిద్ర ముందు గుండు ఎంత, వెంట్రుకలు మళ్ళీ వస్తాయి.

మిల్లులో పత్తి నుంచి గింజ తీసే మిషన్లు వరుసగా ఉంటాయి. వరుస మొత్తానికీ ఒకటే మోటారు. ఒక మిషన్లో పత్తి చిక్కుకుంటే మోటారు ఆపాలి. అప్పుడు అన్నీ ఆగుతాయి. సూపర్‌వైజర్ జయరాం కొత్తగా వచ్చినప్పుడు, చిన్న చిక్కులకు ఆపొద్దు, కట్టెపుల్లతో లాగేయండి అన్నాడు. న్యాయమైన మాటే. కొన్నాళ్ళకు, పుల్ల అందకపోతే వేళ్ళు కాస్త లోపలికి పోనివ్వమన్నాడు. ఆ తర్వాత పుల్ల మాట ఎవరూ ఎత్తలేదు. మొదటి రోజే చెయ్యి పెట్టమని ఉంటే తిరగబడేవాళ్ళే. మెట్టు మెట్టుగా దిగేసరికి ఎంత కిందికి వచ్చారో ఎవరికీ తెలియలేదు. ప్రతి మెట్టు దగ్గరా జయరాం ఒక మాట కలిపేవాడు: "ఏం కాదు, నేను సూసుకుంటా." ఆ మాట వింటే రంగప్పకు నాయన పక్కన నిలబడినట్టే ఉండేది.

ఈ ఏడు వానలకు పత్తి నిమ్ము పట్టింది. కోసిగి నుంచి వచ్చిన రేణుక అప్పుడే పనిలో చేరింది. ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయే మనిషి, పిల్లల చదువు చెడుతుందని ఈసారి ఆదోనిలో ఆగింది. ఒక మధ్యాహ్నం ఆమె మిషన్ రోలరుకు తడి పత్తి తాడులా చుట్టుకుంది. కొత్త మనిషి కాబట్టి ముందు పుల్లే పెట్టింది, అది విరిగింది. రేణుక రంగప్ప వైపు చూసింది. రంగప్ప జయరాం వైపు చూశాడు.

"ఆపొద్దు. చెయ్యి పెట్టి లాగు" అన్నాడు జయరాం.

రేణుక గాజులు పైకి జరుపుకుంది. ఆమె ముఖంలో భయం లేదు. చెప్పినాయన చూసుకుంటాడన్న నిమ్మళం ఉంది. ఆ నిమ్మళం రంగప్పకు బాగా తెలిసిందే. ఎదుటి మనిషి ముఖంలో చూడడం మాత్రం అదే మొదలు.

"సార్, చెయ్యి పోతే మీరు సూసుకుంటారు గదా?" అన్నాడు. ఎదిరించాలని కాదు. రోజూ వినే మాట ఇంకోసారి వింటే మనసు కుదుటపడుతుందని.

జయరాం ఓనరు గది వైపు చూశాడు. తర్వాత "నాదేముంది రంగప్పా, ఓనరు ఆపొద్దన్నాడు" అన్నాడు.

ఓనరును అడిగితే దూది కొనే సేటు పేరు చెబుతాడు. సేటును అడిగితే ఇంకెవరో. ఆ నిచ్చెన ఎక్కుతూ పోతే ఆకాశం దాకా మనిషి మీద మనిషే తప్ప, చూసుకునేవాడు ఒక్కడూ కనపడలేదు రంగప్పకు. కింద మాత్రం రేణుక చెయ్యి ఉంది.

మోటారు ఆపేశాడు.

వరుసంతా మూలుగుతూ ఆగింది. వెయ్యమని జయరాం అరిచాడు. రంగప్ప స్విచ్చు ముందు నుంచి జరగలేదు. "తీసినాక ఏస్తా సార్" అన్నాడు. పక్క మిషన్ మీద పనిచేసే మేరి లేచి వచ్చి రేణుకతో కలిసి పత్తి లాగసాగింది. ఆమె వెనక ఇంకొకామె. ఆపవచ్చునని ఒకడు చూపించాక, అంతకుముందు ఎందుకు ఆపలేదో వాళ్ళకే అర్థం కాలేదు.

సాయంత్రం ఓనరు జయరాంను గదిలోకి పిలిచాడు. పని పోయిందనుకుంటూ రంగప్ప గుమ్మం బయట నిలబడ్డాడు. "నేనేం చేసేది సార్, రంగప్ప వినడు" అంటున్నాడు జయరాం. ఆ గొంతులో కోపం కంటే ఊరట ఎక్కువగా ఉంది. వినని మనిషి ఒకడుంటే తనకూ తప్పించుకునే దారి దొరుకుతుంది. ఓనరు గొణిగి గొణిగి, చివరికి తడి పత్తిని ఎండబెట్టాకే మిషన్లకు పంపమన్నాడు.

ఇంటికి పోయి కంచం ముందు కూర్చున్న రంగప్ప ముద్ద కలుపుతూనే ఉన్నాడు. ఏమైందని హనుమంతమ్మ అడిగింది.

"ఎవురూ సెప్పకుండా ఒక పని సేసినా. ఎవురి నెత్తిన ఏసేదో తెలీలే."

"నీ నెత్తినే పెట్టుకో. బాగానే ఉండాది" అని ఆమె ఇంకో ముద్ద వడ్డించింది.

కొన్నాళ్ళకు రంగప్ప టీ తాగి వచ్చేసరికి మోటారు ఆగి ఉంది. రేణుక రోలరు నుంచి పత్తి తీస్తోంది. ఎవరు ఆపమన్నారని జయరాం ఆమెను అడుగుతున్నాడు.

"ఎవురూ అనలే సార్. సుట్టుకునింది, ఆపినా" అంది రేణుక తల ఎత్తకుండానే.

రంగప్ప వెళ్ళి ఆమె పక్కన గొంతుక్కూర్చుని, పత్తి రెండో కొస పట్టుకుని లాగాడు.