ఆటో కుదుపు మీద తోసేసిన లెక్క

పంజాగుట్ట ఫ్లైఓవర్ పనులకు రోడ్డంతా తవ్విపోసిన రోజుల్లో, ఆ పక్కనే ఒక పరిశోధన ల్యాబులో నేను టెక్నీషియన్‌ని. షుగరు ఉన్నవాళ్ల రక్తనాళాలు లోపల్లోపల ఎంత దెబ్బతిన్నాయో ముందే పట్టుకోవచ్చా అని చూడడం మా పని. నాళాల లోపలి పొర పాడవుతుంటే దాని కణాల నుంచి కంటికి కనపడని తునకలు తెగి రక్తంలో పడతాయి. వాటిని యంత్రం లెక్కపెడుతుంది. అవి ఎంత ఎక్కువ ఉంటే అంత దెబ్బ అని మా డాక్టరుగారి నమ్మకం. పోల్చడానికి షుగరు లేనివాళ్ల రక్తం కూడా కావాలి. వాళ్లను వెతికే పని నా నెత్తిన పడింది.

మా అన్న గుర్తొచ్చాడు. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పేవాడు. పొద్దున ఆరున్నర బ్యాచ్ మొదలు రోజంతా నిలబడే ఉండేవాడు. అమ్మకు షుగరు ఉండేది కాబట్టి, నా పోరు పడలేక ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకునేవాడు. రిపోర్టు ఎప్పుడూ శుభ్రంగా వచ్చేది. ఎందుకు రాదు? మూడు రోజుల ముందు నుంచే అన్నం మానేసి జొన్నరొట్టె తినేవాడు, చాయ్‌లో చక్కెర బంద్, పొద్దున్నే నడక. రక్తం ఇచ్చి బయటికి రాగానే స్వీటు షాపులో డబుల్ కా మీఠా. "సూడు చెల్లె, ఫస్ట్ క్లాస్‌ల పాసైన" అని రిపోర్టు ఊపేవాడు. ఇదంతా తెలిసి కూడా నేను నవ్వేదాన్ని. ల్యాబులో పనిచేసేదాన్ని, నవ్వేదాన్ని!

ఆ రిపోర్టునే చూపించి అన్నను షుగరు లేనివాళ్ల జాబితాలో రాసేశాను. రెండు బ్యాచ్‌ల మధ్య వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌కే వెళ్లి, ఖాళీ క్లాసురూములో రక్తం తీశాను. ట్యూబును కదలకుండా తేవాలి, కుదిపితే కణాలు పగిలి, తునకలు ఎక్కువై లెక్క తప్పుతుంది. షేరింగ్ ఆటోలో ఆరుగురి మధ్య ఇరుక్కుని, ఆ గుంతల్లో, డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

లెక్క విపరీతంగా వచ్చింది. షుగరు ముదిరినవాళ్ల వరసలో పెట్టాల్సినంత. ఎలా తెచ్చావని డాక్టరుగారు అడిగారు. ఆటోలో అన్నాను. అయితే పాడై ఉంటుంది, ఆ లెక్క కొట్టేసి రక్తం మళ్లీ తియ్యి అన్నారు. కొట్టేశాను. మళ్లీ తీయలేదు. జాబితా ఆ వారమే ముగించాలి, అమీర్‌పేట ట్రాఫిక్ తలుచుకుంటేనే విసుగు, అన్న బదులు రక్తం ఇస్తానని ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి చెయ్యి చాపింది. అన్నకు చెప్పనైనా చెప్పలేదు. పాడైన రక్తం గురించి ఏం చెబుతాం అనుకున్నాను. నా తెలివి తగలెయ్య.

రెండేళ్లు గడిచాయి. చెప్పు కరిచి అన్న ఎడమ బొటనవేలికి పుండైంది. నొప్పి లేదు కదా అని పట్టించుకోలేదు. వేలు నల్లబడింది. ఈసారి పరీక్షలకు తయారవడానికి మూడు రోజులు దొరకలేదు. షుగరు ఏళ్ల నుంచీ ఉందని, కాలికి రక్తం సరిగా పోవడం లేదని తేలింది. కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆ ఒక్క లెక్క చూసి ఏ డాక్టరూ మందు రాయడని నాకు తెలుసు. నిజంగా ఆటో కుదుపే కావచ్చు కూడా. కానీ మళ్లీ తీసి ఉంటే, చెప్పాపెట్టకుండా పట్టుకెళ్లి షుగరు పరీక్ష చేయించి ఉంటే? రోజూ ఇదే అనుకుంటాను. ఎన్నిసార్లు అనుకున్నా కాలు తిరిగి రాదు.

ఆపరేషనైన నాలుగో రోజు మంచం పక్కన కూర్చుని అన్నీ చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. దుప్పటి చదునుగా పడి ఉన్న చోటు చేత్తో తడిమాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఇంకోసారి అడిగితే ఇయ్యకపోదునా చెల్లె?"

చిన్నప్పటి నుంచీ నేనేది అడిగినా కాదన్నవాడు కాదు. నేనే అడగలేదు.